అంచు కత్తిరించిన గడియారాలు

మార్చి 4

బాబాయ్,

నువ్వు పంపిన మెమరీ కార్డు క్షేమంగా చేరింది. నేనే అంత క్షేమంగా లేను. అందులో పదకొండు ఫోటోలున్నాయి, ఒక్కోటి పద్నాలుగు ఎంబీ. గోడ గడియారం ఫోటో పంపమంటే గోడతో సహా పంపినట్టుంది. ఎవరైనా పాపం ఫోనులో నీ పేజీ తెరిస్తే, బొమ్మ పూర్తిగా వచ్చేలోపు నీ గడియారం గంట కొట్టేసి పడుకుంటుంది.

సంగతి మొదటినుంచి చెప్తాను. నా ఉత్తరాలు సగం చదివి జేబులో పెట్టుకునే అలవాటు నీకుందని నాకు తెలుసు. వచ్చే నెలాఖరుకి నువ్వు కొట్టు ఖాళీ చేయాలి. గోడల మీద నువ్వు బాగుచేసిన ఇరవై మూడు గడియారాలున్నాయి. అవి రోజూ ఎవరో ఒకరు కీ ఇచ్చే ఇళ్ళకి వెళ్ళాలని నీ పట్టుదల. ఆ ఇళ్ళు వెతకాలంటే వెబ్ పేజీ కావాలి. పొద్దస్తమానం కొట్లకి వెబ్ పేజీలు చేసి బతికే అన్నకూతురు నీకుంది. ఫోనులో చెబుదామంటే అన్ని టిక్కుల మధ్య నీకు నా మాట వినపడదు. అందుకే ఈ కాగితాలు, ఈ కార్డులు, ఈ పోస్టు ఖర్చు.

ఫోటోని పేజీకి సిద్ధం చేయడం నా పని. అంచులు కత్తిరిస్తాను, వెడల్పు పన్నెండు వందల పిక్సెళ్ళకి దించుతాను, బరువు రెండు వందల కేబీ దాటకుండా నొక్కుతాను. నీ పని రెండే. ఒకటి, ఫోటో శుభ్రంగా తీయడం. ఇప్పుడు పంపినవాటిలో గడియారం అద్దంలో నువ్వే కనిపిస్తున్నావు. ముళ్ళ మీద నీ మీసం ఉంది. టైము పదింపావా, మీసమా అన్నది తేల్చుకోలేకపోయాను. రెండు, ప్రతి ఫోటోకి ఒక వాక్యం రాయడం. కళ్ళు కనపడనివాళ్ళకి కంప్యూటరు ఆ వాక్యం చదివి వినిపిస్తుంది.

ఇక షరతు. ఊరికే చేస్తాననుకున్నావా? నాన్నతో మాట్లాడు. రెండు వీధుల అవతలే ఉంటాడు. నువ్వు మిషన్లు, నాన్న చెక్క పెట్టెలు, ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో అడిగారని నాన్న ఒక పాత గడియారంలో స్ప్రింగు మిషను పీకి బ్యాటరీ పెట్టాడు. ఖూనీ చేసినవాడితో కూడా వాళ్ళ తమ్ముడు జైలుకెళ్ళి మాట్లాడతాడు బాబాయ్. మాట్లాడినట్టు నాకు రుజువు కావాలి. రుజువు అందిన రోజే పేజీ పెడతాను, అంతవరకూ లేదు.

నువ్వు పెట్టిన పేరుతోనే,
పిడుగు


మార్చి 10

పిడుగమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జేబులో పెట్టుకున్నది ఆ తర్వాతే.

ఫోటోలు చిన్నవి చేస్తావా తల్లీ? నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని చిన్నవాటిని పెద్దగా చూసి బతికినవాణ్ణి. నువ్వు పెద్దవాటిని చిన్నవి చేసి బతుకుతున్నావు. నేను ఆవగింజంత పన్ను విరిగిన చక్రాన్ని పట్టుకోవాలంటే పెద్దగా చూడాలి. నీ వృత్తిలో చూడక్కర్లేదు కాబోలు, నొక్కితే చాలు.

అద్దంలో నా మీసం పడిందని వెటకారం ఆడావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అద్దాన్ని తిట్టను, తప్పు నాదే. అద్దానికి ఎదురుగా పెద్ద నల్ల అట్ట అడ్డం పెడితే ప్రతిబింబం పోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. కానీ పట్టుకునేదెవరు? నేను ఒంటికాయ శొంఠికొమ్ముని. పైగా ఈ మధ్య వేళ్ళు వణుకుతున్నాయి. నువ్వు పంపిన ఆ పాత కెమెరాని రెండు చేతులతో పట్టుకుని ఊపిరి బిగబడితే గానీ బొమ్మ నిలవడం లేదు. అట్టని కుర్చీకి ఆనించాను, పడింది. బల్లకి మేకు కొట్టి తగిలించాను, వంగింది. అంత పెద్ద అట్టలు మీ నాన్నగారి షెడ్డులో ఉంటాయని ఊరందరికీ తెలుసు. అడగడానికి నాకు నోరు రాదు.

ఆయనగారి సంగతి నువ్వు ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. గడియారం మిషను తీసి చెత్తబుట్టలో వేసి, వేలెడంత బ్యాటరీ పెట్టి, "ఇప్పుడు బాగా నడుస్తోంది" అన్న మనిషి. ఆ మాట నా చెవిలో ఇంకా గంట కొడుతూనే ఉంది. రుజువు కావాలంటావా? ఎప్పుడు మేజిస్ట్రేటువయ్యావు? తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవు.

కెమెరాలో బొమ్మ తిరగేసి చూసే బొత్తాం ఏదో రాయి. ఎడమవైపుదని నువ్వన్నావు. అది నొక్కితే కెమెరా నిద్రపోతోంది.

నీ బాబాయి


మార్చి 21

పిడుగమ్మకి,

రెండో కార్డు పంపుతున్నాను. ఇరవై మూడూ వరస ప్రకారం ఉన్నాయి. ఏ అద్దంలోనూ మీసం లేదు, ఒక్క తొమ్మిదో నంబరులో తప్ప. దానికి కారణం ఉంది.

నువ్వు అడిగింది కూడా ఇందులోనే ఉంది. పెద్దదిగా చూడు.

బాబాయి


మార్చి 27

బాబాయ్,

చూశాను. నేను అడిగింది ప్రతిబింబాలు లేకుండా తీయమనే కదా, అలాగే ఉన్నాయి. సంతోషం. నల్ల అట్ట ఎక్కడ సంపాదించావో గాని పనిచేసింది. డయల్ మీద అంకెలు తళతళలాడుతున్నాయి.

కానీ బాబాయ్, ప్రతి ఫోటోలోనూ ఎడమ అంచున ఒక చెయ్యి ఏమిటి? అట్టతో పాటు మణికట్టు దాకా వచ్చి కూర్చుంది. నీదో, పక్క కొట్టువాడిదో, ఎవరిదైతేనేం. జిగురు అంటుకుని, ముడతలు పడి, గోళ్ళ సందుల్లో మట్టితో, చూడ్డానికే అసహ్యంగా ఉంది. అందమైన గడియారం పక్కన ఎవరూ అలాంటిది చూపించరు. ఇరవై రెండింట్లోనూ అంచు కత్తిరించి పారేశాను. తర్వాత వరసగా పన్నెండు వందల పిక్సెళ్ళకి దించాను. ఒక్కోటి విడిగా తెరిచి చూసే పని లేదు. ఒకదానికి కొలత ఇస్తే యంత్రమే మిగతావి అన్నీ చేసేస్తుంది. నీలాగా ఒక్కో చక్రం దగ్గర రోజంతా కూర్చుంటే నేను అడుక్కు తినాలి. పని చేసినవాటినే పాతవాటి మీద భద్రం చేసి, కార్డు కడిగి ఖాళీగా తిరిగి పంపుతున్నాను.

తొమ్మిదో నంబరు పనికిరాదు. అద్దం నిండా ప్రతిబింబాలే. అది మధ్యలో ఉంది కాబట్టి కత్తిరించినా పోదు. పక్కన పడేశాను. మళ్ళీ తీయి.

ఇంటి కబురొకటి. నాన్న ఈ మధ్య వాకింగు మొదలుపెట్టాడట. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి పదకొండింటికి వస్తున్నాడట. మూడు గంటలు నడిచినా పొట్ట అంగుళం కూడా తగ్గలేదని అమ్మ బెంగ. నీతో మాట్లాడితే ఆ నడకేదో నీ కొట్టు దాకా నడిచేవాడు, నీ కీళ్ళ నొప్పులూ ఆయన పొట్టా ఒక చోట కూర్చుని మంచిచెడ్డలు చెప్పుకునేవి.

ఇంతకీ మాట్లాడావా?

పిడుగు


ఏప్రిల్ 2

అమ్మాయీ,

"పిడుగమ్మకి" అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు.

ఎవర్నడిగి కత్తిరించావు? పెద్దదిగా చూడమని రాశాను కదా. రెండే రెండు ముక్కలు రాశాను, ఎక్కువ రాస్తే సగమే చదువుతావని. సగమూ చదవలేదు. నువ్వు అడిగింది పంపాను. నువ్వే కత్తిరించి పారేసి, నువ్వే మళ్ళీ పంపమంటున్నావు. ఎంత గొప్ప పనితనం!

తొమ్మిదో నంబరు మళ్ళీ తీయను.

నువ్వు చెప్పిన వాక్యాలు ఇవిగో, మాట తప్పినవాణ్ణి అనిపించుకోను.

ఒకటో నంబరు: పొడవు పెట్టె, గుండ్రటి అద్దం. గంట కొట్టే ముందు గొంతు సవరించుకుంటుంది.

ఏడో నంబరు: రోజుకి రెండు నిమిషాలు వెనకపడుతుంది. భోజనాలయ్యాక వచ్చే చుట్టం లాంటిది, కానీ రావడం మాత్రం మానదు.

పదమూడో నంబరు: లోలకం మీద చిన్న సొట్ట ఉంది. తీయకుండా వదిలేశాను. దాని మొదటి యజమాని కూతురు చిన్నప్పుడు గరిటతో కొట్టిందట.

మిగతావి కాగితం వెనక ఉన్నాయి. తొమ్మిదోదానికి వాక్యం నువ్వే రాయాలి, బొమ్మ చూసి. చూస్తే.

బాబాయి


ఏప్రిల్ 7

బాబాయ్,

ఒక చెయ్యి కత్తిరించానని ఇంత రాద్ధాంతమా? గోరంతని కొండంత చేయడమంటే ఇదే. వెబ్ పేజీలో ఫోటో అంచులు కత్తిరించడం తల దువ్వుకోవడం లాంటిది. ఎవరూ ఏడవరు.

కనపడేది రాయమన్నాను, గుణగణాలు రాయమనలేదు. గొంతు సవరించుకోవడం కళ్ళతో ఎలా చూస్తారు? సరే, ఉంచాను. బాగున్నాయి. ఒప్పుకోవడం నాకే ఇష్టం లేదు.

అసలు విషయానికి వస్తాను. పేజీ తయారుగా ఉంది. మీట నొక్కితే చాలు. నొక్కలేదు. నీ ఆఖరి రెండు ఉత్తరాల్లో గడియారాల గురించి నాలుగు పేజీలు, నాన్న గురించి ఒక్క ముక్క లేదు. నెలాఖరు ఇంకెంతో లేదు. కొట్టు మూసేశాక ఆ రెండు వీధులు ఇరవై వీధులవుతాయి. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు పోయాక రెండోవాడు గోడకి చెప్పుకుంటాడు. నాకు ఆ ఫోను రావడం ఇష్టం లేదు బాబాయ్. చిన్నప్పుడు ఆ బల్ల కింద కూర్చుని మీరిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటుంటే నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఇద్దరికీ విడివిడిగా ఫోను చేస్తే ఇద్దరూ వాతావరణం గురించి చెప్తారు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నీ రాజ్యం ఇరవై మూడు గడియారాలు. గొప్ప ఏలుబడి. చెడిపోయిన ప్రతి మిషనూ బాగుచేస్తావు, ఒక్క మనిషితో మాట బాగుచేసుకోలేవు. నీ దగ్గర గడియారాలకి తప్ప మనుషులకి చోటు లేదు. రాశాను, కొట్టెయ్యను.

పిడుగు


ఏప్రిల్ 12

అమ్మాయీ,

పేజీ వద్దు. గడియారాలు ఎవరూ తీసుకోకపోతే అన్నీ బల్ల మీద పేర్చుకుని వాటి కిందే పడుకుంటాను.

ఒక్క ప్రశ్న. కెమెరాకి నా రెండు చేతులూ చాలడం లేదని మార్చి పదిన రాశాను. ఒంటివాణ్ణని కూడా రాశాను. నువ్వు కత్తిరించిన చెయ్యి ఎవరిదో నీ యంత్రాన్ని అడుగు.

బాబాయి


ఏప్రిల్ 16

బాబాయ్,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద చదివాను. మొదట పెద్దమనిషికి కోపం వచ్చిందిలే అని నవ్వుకున్నాను. రెండో అంతస్తు దాకా నవ్వు ఉంది. మూడో అంతస్తు దగ్గర, మార్చి పది ఉత్తరంలో నువ్వు రాసిన రెండు చేతులు గుర్తొచ్చాయి.

కంప్యూటరు తెరిచాను. ఇరవై రెండు ఫోటోల్లో చెయ్యి లేదు. నేనే కోశాను కదా. అసలువాటి మీదే కొత్తవి భద్రం చేశాను. ఇలా చేయకూడదని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్తాను, వేలు చూపించి మరీ చెప్తాను. కార్డు కూడా కడిగాను. చిన్నది చేసిన బొమ్మని మళ్ళీ పెద్దది చేస్తే గడులు గడులుగా మసకే వస్తుంది, పోయింది తిరిగి రాదు. ఇది కూడా వాళ్ళకి నేనే చెప్తాను.

తొమ్మిదోది మిగిలింది. పనికిరాదని పక్కన పడేశాను కాబట్టి బతికింది. పద్నాలుగు ఎంబీ, అంచులతో సహా. పూర్తి కొలతలో తెరిచాను. తెర నిండా గడియారం మూల ఒక్కటే పట్టింది. ఎడమకి జరిపాను.

బొటనవేలు. గోరు మధ్యకి చీలి రెండుగా పెరిగింది.

నాకు ఆరేళ్ళప్పుడు, నా బొమ్మల పెట్టెకి మూత చేస్తుంటే నాన్న ఉలి బొటనవేలి మీదికి జారింది. ఆ రోజు నేను గుక్కపట్టి ఏడిస్తే, నెత్తురు కారుతున్న చేత్తోనే నన్ను ఎత్తుకుని, "నీకేం కాలేదే, తెగింది నాకు" అన్నాడు. ఆ చేతినే నేను అసహ్యంగా ఉందని రాశాను. మట్టి అనుకున్నది పాలిష్ రంగు. నలభై ఏళ్ళుగా అది పోలేదు.

తర్వాత అద్దంలోకి జరిపాను. కెమెరా వెనక నీ మొహం సగం. పక్కన నాన్న. అట్ట కిందికి దించేశాడు. నోరు తెరిచి ఉంది, ఏదో అంటున్నాడు. నేను రుజువు అడిగాను, నువ్వు ఇరవై మూడు రుజువులు పంపావు, నేను ఇరవై రెండింటి గొంతు కోసి, మిగిలిన ఒక్కటీ పనికిరాదని రాశాను. కళ్ళున్నదాన్ని నేను. ఆ వాక్యాలు నువ్వు రాయాల్సింది ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది.

పేజీ పెట్టేశాను. అన్నిటికంటే పైన తొమ్మిదో నంబరు. కత్తిరించలేదు, నొక్కలేదు, ఒక్క పిక్సెలు తగ్గించలేదు. మా ఆఫీసులో ఎవరైనా చూస్తే నా ఉద్యోగం మీద జాలిపడతారు. పడనీ. దాని కింద వాక్యం ఇలా రాశాను: "గోడ గడియారం. అద్దంలో ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు ఫోటో తీస్తున్నాడు, అన్న అట్ట పట్టుకోవడం మానేసి మాట్లాడుతున్నాడు."

నువ్వు ఎందుకు చెప్పలేదు బాబాయ్? నాన్న ఎందుకు చెప్పలేదు? మొన్న ఫోను చేస్తే మళ్ళీ వాతావరణమే చెప్పాడు. నేను రాసిన ఉత్తరాలు నాన్న చదివాడా? చదవలేదని చెప్పు.

నన్ను తిట్టు. సగం తిట్టి ఆపకు.

నీ పిడుగు


ఏప్రిల్ 24

పిడుగమ్మకి,

తిట్టే ఓపిక లేదు. సామాన్లు కడుతున్నాం. "న్నాం" అన్నాను, గమనించు. నీకు గమనించడం కొంచెం తక్కువ కాబట్టి వేలు పెట్టి చూపిస్తున్నాను.

జరిగింది చెప్తాను. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాశాక అట్ట కోసం షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాను. అడగలేదు. నిలబడ్డాను, అంతే. ఆయన నన్ను చూసి, అట్ట తీసి చంకలో పెట్టుకుని, నాకంటే ముందు నడవడం మొదలుపెట్టాడు. మీ అమ్మకి వాకింగని చెప్పాడు. మొదటి నాలుగు రోజులూ నేను "పైకి" అనేవాణ్ణి, "కిందికి" అనేవాణ్ణి. ఆయన పైకీ కిందికీ అనేవాడు, అంటే చేత్తో. వాటిని మాటలనుకుంటే మాటలు, లేకపోతే లేదు.

ఐదో రోజు తొమ్మిదో నంబరు వంతు వచ్చింది. అది ఏ గడియారమో నీకు తెలియదు. ఆయన బ్యాటరీ పెట్టిన గడియారమే. ఆ ఇంటివాళ్ళు మూడేళ్ళకే వీధిలో పడేస్తే తెచ్చుకుని, పాత మిషను లాంటిది వెతికి మళ్ళీ వేశాను. ఆయన అట్ట పట్టుకుని చూశాడు. పెట్టె గుర్తుపట్టాడు, తను చేసిందే కదా. అట్ట దించి, "బ్యాటరీ ఏం చేశావురా?" అన్నాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటి మాట. అప్పుడే నా వేలు బొత్తాం మీద పడింది. "సొరుగులో ఉంది" అన్నాను. తర్వాత మూడు గంటలు పోట్లాడుకున్నాం. ప్రాణం లేచొచ్చింది.

నీకు రాస్తానంటే అన్నయ్య వద్దన్నాడు. "చెప్పకురా, ఫోటోలు పంపు. నా చెయ్యి దానికి తెలియదా?" అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు కూడా.

నీ మార్చి ఇరవై ఏడు ఉత్తరం నేనే చదివి వినిపించాను. ముందుగా చూసుకోకుండా చదవడం నా బుద్ధి తక్కువ. చెయ్యి అన్న చోట నేను ఆగాను. "చదువు" అన్నాడు. చదివాను. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొట్టుకి రోజూ వచ్చాడు, కుడి చేత్తోనే పని చేశాడు. అందుకే నీ మీద నాకు అంత కోపం వచ్చింది. చదవలేదని చెప్పమన్నావు. చెప్పలేను తల్లీ.

గడియారాలకి పదిహేను ఇళ్ళు దొరికాయి. ఏడో నంబరు ఎవరో కోరి అడిగారు, ఆలస్యంగా వచ్చే చుట్టం మా ఇంట్లో ఇంకొకరున్నారు, జత అవుతుందన్నారు. తొమ్మిదోది ఎవరికీ ఇవ్వడం లేదని పేజీలో రాయి. అది అన్నయ్య ఇంటి గోడకి వెళ్తోంది. రోజూ కీ ఇవ్వడానికి నేను వెళ్ళాలి. నమ్మి వదిలేస్తే మళ్ళీ బ్యాటరీ పెట్టేస్తాడు.

నిన్న పక్క కొట్టువాడి కంప్యూటరులో నీ పేజీ చూశాం. నువ్వు చెప్పింది నిజమే, తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పైనే పట్టింది. బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. ముందు పెట్టె, తర్వాత డయల్, అద్దంలో మా మొహాలు, ఆఖరికి ఎడమ మూల. పక్క కొట్టువాడు విసుక్కుంటున్నాడు, అన్నయ్య కదల్లేదు. బొటనవేలు పూర్తిగా వచ్చాక ఎడమ చెయ్యి జేబులోంచి తీసి, తెర మీద గోరు పక్కన తన గోరు ఆనించి చూసుకున్నాడు.

"నాదే" అన్నాడు.

నీ బాబాయి